బి డివిజన్ ఆటగాడికి ముందున్న దారి ఏది: అకాడమీ కోచా, బడిలో పీఈటీనా?

పానగల్_స్టాపర్
అందరికీ నమస్తే. మాది నల్లగొండ పక్కన పానగల్. హైదరాబాద్ ఫుట్‌బాల్ లీగ్‌లో బి డివిజన్ జట్టుకు స్టాపర్‌గా (డిఫెన్స్ మధ్యలో) ఆడాను. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ సెలెక్షన్స్‌కి కూడా పోయాను, క్యాంపు దాకా పిలిచారు కానీ జట్టులో పేరు రాలేదు. ఆ తర్వాత ఎడమ మోకాలి ఏసీఎల్ (లోపలి లిగమెంట్) తెగి ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఉరుకుతున్నాను, బాల్ కొడుతున్నాను, కానీ ఎదురుగా ఎవరైనా టాకిల్‌కి వస్తే కాలు దానంతట అదే వెనక్కి పోతోంది. వయసు 28. డిగ్రీ ఉంది, ఏఐఎఫ్‌ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) కోచింగ్ డి లైసెన్స్ చేశాను. ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీగా (ఆటల టీచర్‌గా) చేస్తున్నాను, బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) లేదు కాబట్టి వాళ్లు ఇచ్చిందే జీతం, ఎండాకాలం సెలవుల్లో అదీ ఉండదు.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక అకాడమీ వాళ్లు అండర్-12 పిల్లలకు కోచ్‌గా రమ్మంటున్నారు. మా నాయన మాత్రం పీఈసెట్ ప్రవేశ పరీక్షలో సీటు తెచ్చుకొని బీపీఈడీ చెయ్యి, డీఎస్సీ పడితే టీచర్ అవుతావు అంటున్నాడు. బడికి పోతే ఆట అక్కడితో అయిపోయినట్టేనా అనేది నా టెన్షన్. ఈ దారిలో పోయినవాళ్లు ఉంటే చెప్పండి.

మిర్యాల_వింగర్
తమ్మీ, అకాడమీకి పో. కోచింగ్‌లో పైకి రావాలంటే లైసెన్సులే మెట్లు. డి తర్వాత ఏఎఫ్‌సీ (ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య) సి, బి, ఏ, చివర ప్రో. ఒక కోర్సుకీ ఇంకో కోర్సుకీ మధ్యలో జట్టుతో పనిచేసిన అనుభవం చూపించాలి. నల్లగొండలో ఉండి ఏ జట్టును చూపిస్తావు? ఇక్కడ పిలగాళ్లకు గ్రౌండ్ అంటే క్రికెట్టే. సిటీలో అయితే వారం వారం మ్యాచులు ఉంటాయి, నీకంటే పెద్ద లైసెన్స్ ఉన్న కోచ్ పక్కన నిలబడి నేర్చుకోవచ్చు. బడిలో నీకు నేర్పేవాళ్లు ఎవరూ ఉండరు, అది మాత్రం గుర్తుపెట్టుకో.

కల్వకుర్తి_కీపర్
జీతం ఎంత, కాగితం మీద రాసిస్తున్నారా, వర్షాకాలంలో క్లాసులు ఆగితే డబ్బులు ఇస్తారా? ముందు ఇవి అడుగు అన్నా. నేను అడగకుండా చేరినవాళ్లను చూశాను. పిల్లల ఫీజులు వస్తేనే జీతం అన్నట్టు నడుస్తాయి చాలా చోట్ల.

పాలమూరు_పీఈటీ
నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. నేనూ హైదరాబాద్ లీగ్‌లో కింది డివిజన్‌లో ఆడి వచ్చినవాణ్ణే, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

మిర్యాల వింగర్ చెప్పిన మెట్ల మాట నిజం. కానీ ఆ మెట్లు ఎవరి డబ్బుతో ఎక్కుతావు? లైసెన్స్ కోర్సులకు ఫీజు కట్టాలి, ఊరు వదిలి పోయి ఉండాలి, ఆ రోజులకు జీతం పోతుంది. మన దగ్గర క్లబ్బు ఫుట్‌బాల్ ఎంత నిలకడగా ఉందో కూడా చూడాలి కదా. 2022 మార్చిలో గోవా ఫటోర్డా స్టేడియంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచినప్పుడు, పెనాల్టీల్లో మన గోలీ కట్టిమణి ఆపుతుంటే మా స్టాఫ్ రూమ్ అంతా లేచి నిలబడ్డాం. 2025కి వచ్చేసరికి ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. ఐఎస్‌ఎల్ కప్పు కొట్టిన క్లబ్బుకే అట్లయితే, నిన్ను పిలుస్తున్న అకాడమీ ఐదేళ్ల తర్వాత ఉంటుందని ఎవరు చెప్పగలరు? అట్లని డీఎస్సీ కూడా చేతిలో ఉన్న పండు ఏం కాదు. 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులు, అందులో పీఈటీ పోస్టులు 182. 33 జిల్లాలకు పంచితే జిల్లాకు ఐదో ఆరో, మళ్లీ అందులో రిజర్వేషన్ రోస్టర్. వయసు పరిమితి 46 దాకా ఇచ్చారు కాబట్టి నీకు టైమ్ ఉంది, కానీ నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో తెలియదు. గురుకులాల పోస్టులు వేరేగా పడతాయి, వాటిని కూడా చూసుకుంటూ ఉండాలి.

ఇంత చెప్పినా, బడి దారే పట్టుమంటాను. జీతం ఒక్కదాని కోసం కాదు. మా దగ్గర ఒక పిల్లవాడు దీపావళి దాటాక ప్రాక్టీస్‌కి రావడం మానేస్తే, అకాడమీ కోచ్ అయితే రిజిస్టర్‌లో ఆబ్సెంట్ వేసుకొని ఇంకో పిల్లవాణ్ణి తీసుకుంటాడు. నేను బడి సారును కాబట్టి వాళ్ల అమ్మానాయన వలస పోయారని నాకు తెలుస్తుంది. పాలమూరు లేబర్ అంటే దేశమంతా ఎరుగుదురు. పుణె, ముంబై, ఇటుక బట్టీలు, ఎక్కడికో పోతారు, పోతూ పిల్లల్ని వెంటబెట్టుకొని పోతారు. అప్పుడు హెడ్‌మాస్టర్‌తో మాట్లాడి హాస్టల్లో సీటు ఇప్పిస్తే ఆ పిల్లవాడు బడిలోనూ ఉంటాడు, గ్రౌండ్‌లోనూ ఉంటాడు. మా బడి నుంచి జోనల్స్‌కి పోయిన ఒక లెఫ్ట్ వింగర్ అట్లా నిలబడ్డవాడే. అకాడమీకి ఫీజు కట్టగలిగిన పిల్లలు ఎట్లాగైనా ఆడతారు. మనం లేకపోతే ఆడలేనివాళ్లు బడిలో ఉన్నారు.

మిర్యాల_వింగర్
సార్, మీరు చెప్పింది మనసుకు బాగుంది. కానీ ఎంతమంది పీఈటీలు మీలా ఉన్నారు? నేను చదివిన బడిలో పీఈటీ సారుకి ప్రార్థన చేయించడం, ఎవరైనా టీచర్ రాకపోతే ఆ క్లాసులో కూర్చోవడం, ఆగస్టు 15కి మార్చ్‌పాస్ట్, ఇదే పని. టెన్త్ పిల్లల గేమ్స్ పీరియడ్ లెక్కల సారు లాగేసుకునేవారు. బాల్ అల్మారాలో తాళం వేసి ఉండేది. తమ్ముడు అట్లయిపోతే?

పాలమూరు_పీఈటీ
అట్లయ్యే ప్రమాదం ఉంది, కాదనను. పీరియడ్ కోసం ప్రతి ఏడాది జూన్‌లో కొట్లాడాల్సిందే. నేను పొద్దున ప్రార్థనకు ముందు గంట, సాయంత్రం లాంగ్ బెల్ తర్వాత గంట తీసుకుంటాను, వాటిని ఎవరూ లాక్కోరు.

చాదర్‌ఘాట్_పాతబ్యాచ్
మాది నాగర్‌కర్నూల్, చదువు, ఉద్యోగం అంతా హైదరాబాద్. బడికి పోతే ఆట అయిపోయినట్టేనా అని అడిగావు కదా తమ్ముడూ, మన దేశం చూసిన అతి పెద్ద ఫుట్‌బాల్ కోచ్ బడి పంతులే. సయ్యద్ అబ్దుల్ రహీమ్. అందరూ రహీమ్ సాబ్ అంటారు. ఉస్మానియాలో బీఏ చేశారు, హైదరాబాద్ బడుల్లో పాఠాలు చెప్పారు, తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి చాదర్‌ఘాట్ హైస్కూల్లో ఆటలు చూసుకున్నారు. ఆటగాడిగా ఆయన క్లబ్బు స్థాయివారే, పేరు వచ్చింది మొత్తం కోచింగ్‌తోనే. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును చేతికి తీసుకున్నారు, ఆ ఏడాది మొదలుకొని 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో దక్షిణ కొరియా మీద 2-1తో మళ్లీ స్వర్ణం. అప్పటికే ఆయనకు క్యాన్సర్. 1963 జూన్‌లో పోయారు.

నేను ఇక్కడ చెప్పదలచుకుంది కప్పుల లెక్క కాదు. ఆయన నేర్పిన పద్ధతి చూడు. డ్రిబ్లింగ్ చేయకూడదు అనే నియమంతో మ్యాచులు పెట్టేవారు, పాస్ ఇచ్చే అలవాటు రావడానికి. బలహీనమైన కాలుతో మాత్రమే ఆడాలి అని ఇంకో టోర్నీ. ఏది రాదో అది ఒక్కటే చేయించడం, వచ్చేదాకా చేయించడం, ఇది క్లాసులో పాఠం చెప్పినవాడికి తట్టే ఆలోచన. అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ రోజూ సిటీకి వచ్చిపోవడానికి డబ్బు లేదంటే సైకిలు అద్దె ఇచ్చి రప్పించుకున్నారు. ఆ కుర్రాడే మెల్‌బోర్న్‌కి పోయాడు, జకార్తాలో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. పైన పాలమూరు సారు వలస పిల్లవాడి గురించి రాసింది చదువుతుంటే నాకు ఇదే గుర్తొచ్చింది.

కల్వకుర్తి_కీపర్
రహీమ్ సాబ్ కాలంలో పోలీసు, మిలిటరీ జట్లలో ఉద్యోగాలు ఉండేవి కదా సార్. సంతోష్ ట్రోఫీ కూడా హైదరాబాద్ 1956లో, 57లో వరసగా కొట్టింది. ఇప్పుడు బాగా ఆడినా ఉద్యోగం ఇచ్చేవాళ్లు లేరు. అప్పటి కథ ఇప్పుడు నడుస్తుందా?

దేవరకొండ_టు_క్రాయిడన్
ఇప్పుడూ నడుస్తుందనడానికి నేనుండే ఊరి మనిషి గురించి చెప్తాను. మాది దేవరకొండ, ఉద్యోగం కోసం లండన్‌లోని క్రాయిడన్‌కి వచ్చాను. ఫుట్‌బాల్ కోచ్ రాయ్ హాడ్జ్‌సన్ పుట్టింది ఇక్కడే, 1947లో. క్రిస్టల్ ప్యాలెస్ యూత్ జట్టులో ఆడాడు, ఆ క్లబ్బు పెద్ద జట్టులోకి ఒక్కసారి కూడా రాలేదు. తర్వాత టన్‌బ్రిడ్జ్, గ్రేవ్‌సెండ్, మెయిడ్‌స్టోన్, కార్షాల్టన్, ఇట్లా లీగ్ బయటి చిన్న క్లబ్బుల్లో ఆడాడు. మన లెక్కలో బి డివిజనూ కాదు, ఇంకా కింద. అదే కాలంలో డలిచ్‌లోని అలెన్స్ స్కూల్లో పీఈ టీచర్.

1976లో స్వీడన్‌లో హాల్మ్‌స్టాడ్ అనే క్లబ్బుకు కోచ్‌గా పోయాడు. ఆ జట్టు అంతకుముందు సీజన్లో కింది డివిజన్‌కి పడిపోకుండా గోల్ తేడాతో గట్టెక్కింది. హాడ్జ్‌సన్ పోయిన మొదటి ఏడాదే లీగ్ గెలిచింది, 1979లో మళ్లీ గెలిచింది. అప్పట్లో స్వీడన్ జట్లు చాలావరకు మనిషికి మనిషిని కాపలా పెట్టి, వెనక ఒక స్వీపర్‌ను ఉంచేవి. ఈయన నలుగురు డిఫెండర్లను ఒకే వరసలో పెట్టి, మనిషిని కాకుండా చోటును కాపాడమన్నాడు, లైను మొత్తం కలిసి ముందుకు కలిసి వెనక్కి జరగాలి అన్నాడు. అది రావాలంటే ఒకే కసరత్తు రోజూ చేయించాలి, ఆటగాళ్లకు విసుగొస్తుంది, అయినా చేయించాలి. టీచర్‌కు ఉండే ఓపిక అక్కడ పనికొచ్చిందని నా నమ్మకం. తర్వాత స్విట్జర్లాండ్‌ను 1994 ప్రపంచ కప్‌కి తీసుకెళ్లాడు, ఇంటర్ మిలాన్ చూశాడు, ఇంగ్లండ్ జట్టుకే కోచ్ అయ్యాడు. చివర్లో తన పేరు లిస్టులో రాని ఆ క్రిస్టల్ ప్యాలెస్‌కే మేనేజర్‌గా వచ్చాడు.

హాడ్జ్‌సన్‌తో పాటు క్రాయిడన్‌లో ఒకే బడిలో చదివిన స్నేహితుడు బాబ్ హౌటన్. ఆయనకూ పెద్ద ఆట చరిత్ర లేదు, చాలా చిన్న వయసులోనే కోచింగ్‌లోకి వచ్చాడు. 1979లో మాల్మో జట్టును యూరోపియన్ కప్ ఫైనల్ దాకా తీసుకుపోయాడు. ఈ హౌటనే 2006 నుంచి 2011 దాకా మన ఇండియా కోచ్. 2008లో ఏఎఫ్‌సీ చాలెంజ్ కప్ మ్యాచులు హైదరాబాద్‌లో జరిగాయి, గుర్తుందా? సెమీస్ గెలిచాక వానల వల్ల ఫైనల్ ఢిల్లీకి మార్చారు, తజికిస్తాన్ మీద 4-1, ఛెత్రీ హ్యాట్రిక్. దాంతోనే 1984 తర్వాత మళ్లీ 2011లో ఆసియా కప్ ఆడాం.

చాదర్‌ఘాట్_పాతబ్యాచ్
బాగా గుర్తుంది. ఎల్‌బీ స్టేడియంలో బురదలో ఆడారు.

మిర్యాల_వింగర్
కోచ్ మౌరిన్హో కూడా అంతే కదా. పోర్చుగల్‌లో చిన్న చిన్న జట్లలో ఆడి, లిస్బన్‌లో స్పోర్ట్స్ సైన్స్ చదివి, బడుల్లో పీఈ చెప్పి, పిల్లల జట్ల దగ్గర మొదలుపెట్టాడు. ఇంగ్లిష్ కోచ్ బాబీ రాబ్సన్‌కి అనువాదకుడిగా చేరి అక్కణ్ణుంచి పైకి వచ్చాడు. 2004లో పోర్టోతో ఛాంపియన్స్ లీగ్, 2010లో ఇంటర్‌తో ఇంకోటి. కానీ అన్నా, నా వాదన మళ్లీ అదే. హాడ్జ్‌సన్ అయినా మౌరిన్హో అయినా బడి వదిలి క్లబ్బుకు పోయాకే పెద్దవాళ్లయ్యారు. బడిలో ఉండిపోతే మనకు వాళ్ల పేర్లు తెలిసేవా?

దేవరకొండ_టు_క్రాయిడన్
పోయారు, నిజమే. పోయేముందు చేతిలో చదువు, బోధన అనుభవం రెండూ ఉన్నాయి అంటున్నాను. తమ్ముడు ఇప్పుడే పోతే చేతిలో ఉండేది డి లైసెన్స్, ఆపరేషన్ అయిన మోకాలు.

వనపర్తి_అమ్మ
నేను ఫుట్‌బాల్ తెలిసినదాన్ని కాదు, ఒక ఆడపిల్ల తల్లిని. మా పాప ప్రభుత్వ బడిలో చదువుతుంది, మిడ్‌ఫీల్డ్ ఆడుతుంది. మొదట్లో మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు, నిక్కరు వేసుకొని ఆడుడేంది అని మా అత్తమ్మ. వాళ్ల పీఈటీ మేడమ్ ఇంటికొచ్చి కూర్చొని మాట్లాడింది. ట్రాక్ ప్యాంటుతో ఆడుతుంది, నేనే తీసుకుపోయి నేనే తీసుకొస్తాను అన్నది. బడి టీచర్ అన్నందుకే ఒప్పుకున్నాం. ఎవరో అకాడమీ మనిషి వచ్చి అడిగితే గుమ్మం దాటనిచ్చేవాళ్లం కాదు, ఉన్నమాట చెప్తున్నాను. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ ఇండియాకు ఆడుతుందని, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కి కూడా ఆడిందని మేడమ్ వీడియోలు చూపించింది. ఇప్పుడు మా అత్తమ్మే పొద్దున లేపుతుంది.

తమ్ముడూ, నువ్వు టీచర్ అయితే ఆడపిల్లల జట్టు కూడా పెట్టు. మగ పిల్లలతో సరిపెట్టుకోకు.

పానగల్_స్టాపర్
అక్కా, థ్యాంక్స్. ఇప్పుడు నేను చేస్తున్న బడిలో ఆరో తరగతి అమ్మాయిలు వచ్చి మాకూ బాల్ ఇవ్వండి సార్ అని అడుగుతున్నారు, ఉన్నవి మగపిల్లలకే సరిపోవట్లేదని ఆపుతూ వచ్చాను. పాలమూరు సార్, ఒక మాట అడగాలి. క్లాసుకు నలభై మంది, గంట కూడా ఉండదు, నాలుగే బాల్స్, మొరం గ్రౌండ్. డి లైసెన్స్‌లో నేర్పినవన్నీ పచ్చగడ్డి మీద, పన్నెండు మంది పిల్లలు, తలా ఒక బాల్‌తో చేసేవి. మీరెట్లా చేస్తారు?

పాలమూరు_పీఈటీ
నలభై మంది, నాలుగు బాల్స్ అంటే లెక్క సరిగ్గా కుదిరింది. సున్నంతో నాలుగు డబ్బాలు గీయి, ఒక్కోటి ఇరవై అంగలు వెడల్పు ముప్పై అంగలు పొడవు ఉంటే చాలు. డబ్బాకు పది మంది, ఐదుగురికి ఐదుగురు. గోలీ వద్దు, రెండు ఇటుకలు పెడితే గోల్. అందరికీ బాల్ తగులుతుంది, ఎవరూ వరసలో నిలబడి చూస్తూ ఉండరు. పెద్ద గ్రౌండ్‌లో ఇరవై రెండు మందిని వదిలితే, బలంగా ఉన్న నలుగురు ఆడతారు, మిగతావాళ్లు ఉరుకుతారు, అంతే. చాదర్‌ఘాట్ సారు రాసిన రహీమ్ సాబ్ నియమాలే నేను వాడతాను. ఒక వారం రెండు టచ్‌లే, ఒక వారం ఎడమ కాలే. ఎడమ కాలు వారంలో మొదటి రెండు రోజులు గొడవ గొడవ చేస్తారు, పట్టించుకోకు. అమ్మాయిలను విడిగా కూర్చోబెట్టొద్దు, ఒక డబ్బా వాళ్లకు ఇవ్వు, తర్వాత కలిపి ఆడించు.

బాల్ సైజు చూడు. చాలా బడుల్లో అందరికీ ఒకటే అని 5 నంబర్ కొంటారు. అది 410 నుంచి 450 గ్రాములు ఉంటుంది, ఆరో తరగతి పిల్లల కాలికి బరువు, అందుకే బొటనవేలితో పొడుస్తారు, ఆ అలవాటు తర్వాత పోదు. పన్నెండేళ్ల లోపు వాళ్లకు 4 నంబర్ తీసుకో, 350 నుంచి 390 గ్రాములే. తుమ్మ ముల్లుకు పంక్చర్ కాకుండా గ్రౌండ్ చుట్టూ ముందే ఊడ్పించు. మొరం మీద స్లైడింగ్ టాకిల్ అసలు నేర్పొద్దు, మోకాళ్లు కొట్టుకుపోతాయి. నిలబడి బాల్ లాక్కోవడం నేర్పు, నువ్వు స్టాపర్‌వి కాబట్టి అది నీకంటే బాగా చెప్పేవాళ్లు ఉండరు. మార్చి నుంచి సాయంత్రం ప్రాక్టీస్ మానేసి పొద్దున్నే పెట్టుకో, నల్లగొండ ఎండ నీకు నేను చెప్పేదేముంది.

ఇంకోటి, తిండి. పిల్లలు మధ్యాహ్న భోజనం ఒంటిగంటకు తింటారు, నాలుగున్నరకు గ్రౌండ్‌కి వచ్చేసరికి కడుపు ఖాళీ. కళ్లు తిరిగి పడిపోయినవాళ్లు ఉన్నారు. మాది పల్లీలు పండే జిల్లా కాబట్టి ఊర్లో రైతులను అడిగి తెచ్చుకుంటాం, ఉడకబెట్టిన పల్లీలు, బెల్లం ముక్క. ఆ గుప్పెడు పల్లీలు పెట్టినప్పటి నుంచి హాజరు పెరిగింది. లైసెన్స్ కోర్సులో ఇది ఉండదు.

ఇవన్నీ చేస్తుంటే బడుల మధ్య జరిగే సుబ్రతో కప్‌కి, ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీలకు జట్టు తయారవుతుంది. మండలం, జిల్లా, రాష్ట్రం, ఢిల్లీ దాకా దారి ఉంది. మిర్యాల వింగర్ అడిగిన అనుభవం అదే. సెలవుల్లో లైసెన్స్ కోర్సులకు పోవచ్చు, జీతం ఆగదు.

మిర్యాల_వింగర్
సరే సార్, ఇది ఒప్పుకుంటాను. శని, ఆదివారాలు సిటీలో అకాడమీ, వారమంతా బీపీఈడీ అయితే రెండూ పోవు కదా? నల్లగొండ నుంచి పొద్దున బస్సు ఎక్కితే రెండు మూడు గంటలే. వాళ్లను అట్లా అడిగి చూడు తమ్మీ.

పానగల్_స్టాపర్
అడిగాను అన్నా, వారాంతాలు మాత్రమే అయినా పర్వాలేదన్నారు. కల్వకుర్తి కీపర్ చెప్పినట్టు కాగితం మీద రాసివ్వమన్నాను, ఇంకా జవాబు రాలేదు. పీఈసెట్‌కి అప్లై చేస్తాను. ఇంట్లో చెప్తే నాయన సంతోషపడ్డాడు. ఇప్పుడు భయం ఒక్కటే. ఫిజికల్ టెస్టులో 100 మీటర్లు, 800 మీటర్లు, షాట్‌పుట్, లాంగ్ జంప్ లేదా హై జంప్. మోకాలు తట్టుకుంటుందా?

కల్వకుర్తి_కీపర్
నాకూ ఏసీఎల్ అయింది అన్నా, కుడి కాలు. ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గర ముందు ఫిట్ అనిపించుకో, ఫిజియోతో రెండు కాళ్ల బలం కొలిపించుకో. నీది ఎడమ మోకాలు కాబట్టి లాంగ్ జంప్‌కి కుడి కాలితో ఎగిరేటట్టు అడుగులు మార్చుకో, ఇప్పటి నుంచే, పరీక్ష నెలలో మార్చుకుంటే కుదరదు. దిగేటప్పుడు రెండు కాళ్ల మీద, మోకాళ్లు వంచి, ఇసుకలోనే ప్రాక్టీస్ చెయ్యి. 800 నీకు సమస్య కాదు, స్టాపర్‌గా తొంభై నిమిషాలు ఆడినవాడివి. 100లోనే జాగ్రత్త, వార్మప్ లేకుండా స్టార్ట్ తీయొద్దు. వీటితో పాటు ఒక ఆటలో స్కిల్ టెస్ట్ ఉంటుంది, అక్కడ ఫుట్‌బాల్ పెట్టుకో, మార్కులు నీవే.

పాలమూరు_పీఈటీ
షాట్‌పుట్ తక్కువ అంచనా వేయకు, ఫుట్‌బాలర్లు అక్కడే మార్కులు పోగొట్టుకుంటారు. మగవాళ్లకు ఆరు కిలోల గుండు. నల్లగొండలో మేకల అభినవ్ స్టేడియంలో పొద్దున త్రోయర్లు వస్తారు, వాళ్ల దగ్గర గ్లైడ్ నేర్చుకో. నీ డి లైసెన్స్ సర్టిఫికెట్, లీగ్ ఆడిన కాగితాలు, క్యాంపు లెటర్ అన్నీ ఒక ఫైల్లో పెట్టు, స్పోర్ట్స్ కోటా వెరిఫికేషన్‌లో ఏది పనికొస్తుందో నేను చూసి చెప్తాను. ఫొటోలు తీసి మెసేజ్‌లో పంపు.

వనపర్తి_అమ్మ
తమ్ముడూ, ఆ ఆరో తరగతి అమ్మాయిలకు బాల్ ఇచ్చినవా?

పానగల్_స్టాపర్
ఇచ్చాను అక్కా. నాలుగు డబ్బాలు గీశాను, ఒకటి వాళ్లది. రెండు 4 నంబర్ బాల్స్ కూడా తెచ్చాను, వచ్చే వారం ఎడమ కాలు మొదలుపెడతాను. ఫైల్ ఈ రాత్రికి పంపుతాను సార్.